రొట్టె ముట్టని ఆదివారం

ఆదివారం ఆరాధనలో విజ్ఞాపన ప్రార్థన మొదలయ్యేసరికి కృపామణి కొంగు తలమీదికి లాక్కుని, కళ్ళు మూసుకుని కూతురి గురించే తలుచుకుంటోంది. అందుకే పాస్టరుగారి నోట కూతురి పేరు వినబడినప్పుడు అది తన మనసులో మాటే అనుకుంది మొదట.

"మా సహోదరి కృపామణమ్మగారి బిడ్డ హెప్సిబాని జ్ఞాపకం చేసుకో తండ్రీ! పురిట్లో బిడ్డని పోగొట్టుకున్న దగ్గర్నుంచీ నిరాశ అనే దురాత్మ ఆ అమ్మాయిని పట్టి పీడిస్తోంది ప్రభువా! రాజమండ్రి మెంటల్ డాక్టరు మాత్రల బానిసత్వంలోంచి విడిపించు! మందులతో కాదు, నీ మహిమతో ముట్టు తండ్రీ!"

"ఆమెన్" అంది సంఘం. ఆ ఆమెన్ ముగియకముందే ఆడవాళ్ళ వైపు చాపల మీద తలలు కదిలాయి. కృపామణి కళ్ళు తెరిచేసరికి చాలా కళ్ళు అప్పటికే తెరిచి ఉన్నాయి.

మందిరం పైకప్పు మీద నాలుగు దిక్కులకీ మైకులున్నాయి. రాజోలు దాటాక కాలువగట్టు మీద ఉన్న ఆ ఊళ్ళో, ఆదివారం పూట పాస్టరు సాలమోనుగారి గొంతు వినబడని ఇల్లు లేదు. అది చాలక ఈ మధ్య ఫోను స్టాండుకి బిగించి ఫేస్‌బుక్‌లో లైవ్ కూడా పెడుతున్నారు. కొత్తపేటలో ఉన్న కూతురి అత్తగారు ఆ లైవ్ తప్పకుండా చూస్తుంది.

ఈ సంగతి కృపామణి చెప్పింది ఒక్కరికే. శుక్రవారం ఉపవాస ప్రార్థన అయ్యాక, అందరూ వెళ్ళిపోయేదాకా ఆగి, పాస్టరుగారి భార్య రూతమ్మగారి చెయ్యి పట్టుకుని ఏడ్చింది. "అమ్మగారండీ, ఇది మీలోనే ఉంచండి. ఎవరికీ చెప్పొద్దని నా చేత ఒట్టు పెట్టించుకుందండి నా కూతురు" అంది. "నా దగ్గర పడ్డ మాట బావిలో పడ్డట్టేనమ్మా" అన్నారావిడ. ఆ బావి లోతు ఆదివారం తెలిసింది.

ముగింపు ఆశీర్వాదం కోసం ఆగకుండా కృపామణి ఇంటికి నడిచింది. గేటు దగ్గర పొరుగింటి బంగారమ్మ కాచుకుని ఉంది. మంచి మనిషే. ఆవిడ గుడికి వెళ్ళే మనిషైనా మందిరం మైకు వింటూనే వంట చేసుకుంటుంది.

"వదినగారండీ, మన అమ్ములుకి ఏదో పట్టిందటగా?" అంది గొంతు తగ్గించి. "నాకో మాట చెప్పొద్దేంటండి? ద్రాక్షారామం అవతల ఒకాయన ఉన్నాడు, మా ఆడపడుచుకి తాయెత్తు కట్టేడు, దెబ్బకి వదిలిపోయింది. మీ దేవుడు, మా దేవుడు అని చూడకండి. దయ్యం ఎవరికి పట్టినా దయ్యమే కదండీ!"

"దయ్యం లేదు, ఏమీ లేదు బంగారమ్మగారూ. బిడ్డ పోయిన తల్లి. ఏడుస్తోంది, అంతే."

"అంతేనా? మరి అయ్యగారు అలా కేకలేసేరేంటండి?"

కృపామణి గేటు తోసుకుని లోపలికి నడిచింది.

లోపల అమ్ములు మంచం అంచున కూర్చుని ఉంది. ఇంట్లో అందరూ పిలిచే పేరు అదే. హెప్సిబా బడికీ, మందిరానికీ. మొగుడు కువైట్‌లో డ్రైవరు. ఎనిమిదో నెలలో బిడ్డ పుట్టి, ఏడవకుండానే పోయాక పుట్టింటికి వచ్చింది. వచ్చిన కొత్తలో నిద్రలేదు, తిండిలేదు, స్నానం చెయ్యమంటే గోడ వైపు తిరిగేది. రాజమండ్రి డాక్టరమ్మ ఇచ్చిన మాత్రలు వేసుకోవడం మొదలుపెట్టాక ఈ మధ్యే కాస్త తల దువ్వుకుంటోంది. మొక్కలకి నీళ్ళు పోస్తోంది.

మంచం మీద ఫోను మోగుతూనే ఉంది. అమ్ములు దానివైపు చూడకుండా అంది: "మా అత్తగారు. లైవ్ చూసేరట. పిచ్చి మందులు మింగించి మా ఇంటికి పంపుదామనుకున్నారా అని అడుగుతున్నారు."

"అమ్ములూ..."

"నువ్వు చెప్పేవా?"

"ప్రార్థన కోసమనే..."

"చెప్పేవా, లేదా?"

"చెప్పేను."

"సరేనండి" అంది అమ్ములు.

కన్నతల్లిని అండీ అంది. గోదావరి జిల్లాలో పిల్లికి కూడా అండీ అంటారని పై ఊళ్ళవాళ్ళు వేళాకోళం చేస్తారు గాని, ఆ మర్యాద ఎంత దూరం నెట్టగలదో ఇక్కడి వాళ్ళకే తెలుసు. ఆ రోజునుంచీ అన్నం చాలండి, నాకేమీ వద్దండి, తలుపు వేసెయ్యండి. ఇంటికొచ్చిన చుట్టంతో మాట్లాడినట్టు.

అంతకంటే భయం వేసిన సంగతి మర్నాడు తెలిసింది. మాత్రలు వేసుకోవడం మానేసింది. అడిగితే, "బానిసత్వం అన్నారుగా. విశ్వాసం లేనిదనిపించుకోవడం కంటే నిద్ర లేకపోవడమే నయమండి" అని గోడ వైపు తిరిగింది.

కృపామణి ఆ సాయంత్రమే పాస్టరుగారింటికి వెళ్ళింది. భర్త విజయకుమార్ వద్దన్నాడు. అతను సంఘపెద్ద, రాజోలులో నీళ్ళ మోటార్లు బాగుచేసే షాపు నడుపుతాడు. ఎలాంటి మోటారైనా చప్పుడు చెయ్యకుండా తిరిగితే చాలనుకునే మనిషి. "మాటలు పెంచకు మణీ. అయ్యగారు కావాలని చేసేరా ఏంటి?" అన్నాడు. "కావాలని చెయ్యకపోతే చేసింది పోతుందా?" అని ఆమె చెప్పులు వేసుకుంది.

పాస్టరుగారు అరుగు మీద చక్కెర లేని టీ తాగుతున్నారు. రూతమ్మగారు గుమ్మంలో నిలబడ్డారు.

"అయ్యగారండీ, నా కూతురి సంగతి మైకులో ఎందుకు చెప్పేరండి?"

"చెప్పడమేంటమ్మా, ప్రార్థించేం."

"దేవుడికి వినబడడానికి మైకు అక్కర్లేదు కదండి."

ఆయన నవ్వారు. కోపం లేని, ఓర్పున్న నవ్వు. ఆ ఓర్పు చూసే కృపామణికి ఒళ్ళు మండింది. "సంఘం ఒకే శరీరం కదమ్మా. కాలికి ముల్లు గుచ్చుకుంటే ఒళ్ళంతా బాధపడదూ?"

"కాలికి ముల్లు గుచ్చుకుంటే చెయ్యి వెళ్ళి తీస్తుందండి. నోరు ఊరంతా చాటింపు వెయ్యదు."

"కృపామణీ!" అన్నారు రూతమ్మగారు. "అయ్యగారితోనా ఆ మాటలు?"

"మీలోనే ఉంచమన్నాను అమ్మగారూ."

"ఆయనకి చెప్పకుండా ఎలాగమ్మా? భార్యాభర్తలం ఏకశరీరం."

ఈ ఊళ్ళో శరీరాలన్నీ ఏకమే, నొప్పి మాత్రం ఒక్కరిదే అనుకుంది కృపామణి. పైకి ఇంకో మాట అడిగింది: "మాత్రలు బానిసత్వం అన్నారు. మీరు షుగరుకి వేసుకుంటారు కదండి?"

"అది వంటికమ్మా. ఇది మనసుకి."

"మనసుని వేరే దేవుడు చేసేడా అండి?"

పాస్టరుగారు టీ గ్లాసు కింద పెట్టారు. ఈసారి నవ్వలేదు. "నువ్వు బాగా కోపంలో ఉన్నావమ్మా. కోపం సాతానుకి తీసిపెట్టిన తలుపు. ముందు ప్రార్థించుకుని శాంతి పొందు. వచ్చే ఆదివారం బల్ల. ఈ మనసుతో బల్ల దగ్గరికి రాకూడదు."

బల్లంటే ప్రభువు బల్ల. నెల మొదటి ఆదివారం రొట్టె, ద్రాక్షరసం పంచే సంస్కారం. బాప్తిస్మం తీసుకున్నవాళ్ళెవరూ దాన్ని వదులుకోరు. వదులుకున్న వాళ్ళ గురించి సంఘం ఊహలు ఊరుకోవు. కృపామణి పెళ్ళయ్యాక ఎప్పుడూ వదులుకోలేదు. కాన్పు అయిన నెలలోనూ పసిదాన్ని ఒళ్ళో పెట్టుకుని వెళ్ళింది. ఆ పసిది అమ్ములే.

ఆ వారమంతా ఆమె ఫోనుకి సంఘం ఆడవాళ్ళ నుంచి బొమ్మలు వచ్చాయి. గులాబీల మీద వాక్యాలు, పావురాల మీద వాక్యాలు, సూర్యోదయం మీద "సంతోషంగా ఉండు సహోదరీ". ఒకావిడ ఏకంగా ఫోను చేసి, "మనలో విశ్వాసం ఉంటే దుఃఖం ఎలా ఉంటుందక్కా?" అంది. స్నేహితుడి సమాధి దగ్గర ప్రభువే ఏడ్చాడు కదమ్మా, ఆయనకి విశ్వాసం లేదా అని అడిగి పెట్టేసింది కృపామణి. అమలాపురం కాలేజీలో బీయే చదివి, పదిహేనేళ్ళు మందిరంలో పిల్లలకి సండే స్కూలు చెప్పిన మనిషి. దుఃఖానికి గులాబీ అంటిస్తే ఊరుకునే రకం కాదు.

అయినా ప్రార్థన మాత్రం రాలేదు. మోకాళ్ళ మీద కూర్చుంటే నోటికి వచ్చేవి అలవాటైన మాటలే. నీ చిత్తం ప్రభువా, స్తోత్రం ప్రభువా. ఆ మాటలు అబద్ధాలని ఆమెకి తెలుసు. అబద్ధం చెప్పి లేచినట్టుండేది.

శనివారం విజయకుమార్ లేత పనసకాయ తెచ్చాడు. పనసపొట్టు కొట్టడం చిన్న పని కాదు. కాయ చెక్కు తీసి, చేతులకి నూనె రాసుకుని, కత్తితో టకటకా కొట్టి చెక్కి, కొట్టి చెక్కి, రవ్వలా రాల్చాలి. పెరట్లో పీట వేసుకుని కృపామణి కొట్టడం మొదలుపెట్టింది. నాలుగు దెబ్బలు పడేసరికి నోరు తెరుచుకుంది.

"నువ్వక్కడే ఉన్నావు కదా" అంది దేవుడితో. దెబ్బ. "అది పుట్టినప్పుడూ ఉన్నావు. ఏడవనప్పుడూ ఉన్నావు. ఒక్క ఊపిరి నీకు బరువైందా?" దెబ్బ. "పోనీ, తీసుకున్నావు. ఉన్న పిల్లనైనా నిద్రపోనిస్తావనుకుంటే నీ పేరు మీదే దాన్ని వీధిలోకి లాగేరు. నీ మైకే. నీ మందిరమే. నువ్వూరుకున్నావు!" పనసపాలు చేతికి జిగురుగా అంటుకుంటున్నాయి. ముక్కు తుడుచుకోవడానికి మోచెయ్యి వాడుకుంది. "నాకు నీ మీద కోపంగా ఉంది. స్తోత్రమని అనను. అనమంటే ఇంకోళ్ళని చూసుకో."

అలా ఎంతసేపు తిట్టిందో, పొట్టు గుట్టపడింది. కోపం తగ్గలేదు. కాని లేచేటప్పుడు ఒక సంగతి గమనించింది. ఆ వారంలో దేవుడితో ఒక్క అబద్ధం లేకుండా మాట్లాడింది ఇప్పుడే. ఎవరూ లేని చోట ఎవరూ ఇంతసేపు పోట్లాడరు. ఎదుట మనిషి ఉన్నాడన్న నమ్మకం లేనిదే తిట్టు నోటికి రాదు.

ఆదివారం తెల్లచీర కట్టుకుని బల్లకి వెళ్ళింది.

రొట్టె పంచేముందు పాస్టరుగారు ప్రతిసారీ చెప్పే మాటే చెప్పారు. కానుక పట్టుకుని బలిపీఠం దగ్గరికి వచ్చాక, ఎవరికైనా నీవల్ల బాధ కలిగిందని గుర్తొస్తే, కానుక అక్కడే వదిలేసి వెళ్ళి, వాళ్ళతో సమాధానపడి రమ్మన్నాడు ప్రభువు. "మనసులో కోపం పెట్టుకున్నవాళ్ళు తమను తాము పరీక్షించుకోవాలి" అని కలిపి, ఆడవాళ్ళ వైపు, ఆమె కూర్చున్న చోటుకే చూశారు.

కృపామణి ఆ వాక్యాన్ని ఎంతమంది పిల్లలకి బట్టీ పట్టించిందో లెక్కలేదు. ఈ రోజు కొత్తగా వినబడింది. కోపం వచ్చినవాడు లేవాలని ఎక్కడుంది అందులో? లేచి వెళ్ళాల్సింది బాధపెట్టినవాడు. దెబ్బ తిన్నవాడు తన ఇంట్లో ఉంటాడు. కొట్టినవాడే కానుక వదిలి, ఆ గుమ్మం వెతుక్కుంటూ వెళ్ళాలి. ఇన్నేళ్ళుగా దీన్ని తిరగేసి, కుమిలేవాళ్ళ మీదే పెడుతున్నారు!

రొట్టె పళ్ళెం వరసలు దాటి వస్తోంది. దాన్ని పట్టుకున్నది విజయకుమారే. పాస్టరుగారి వైపు వేలు చూపించే మాటలు ఆమె నోట్లో సిద్ధంగా ఉన్నాయి. అంతలోనే మూసిన తలుపు, గోడ వైపు తిరిగిన వీపు కళ్ళముందు కదిలాయి. సరేనండి, అంది కదూ పిల్ల. ఆ అండీ పాస్టరుగారికి కాదు.

పళ్ళెం ముందుకి వచ్చింది. కృపామణి తీసుకోలేదు. లేచి నిలబడింది.

"మణీ, కూర్చో" అన్నాడు విజయకుమార్ పెదవులతోనే.

"అయ్యగారండీ, ఒక్క మాట. ముందు ఆ మైకు ఆపించండి. ఆ ఫోను కూడా."

ఎవరూ కదల్లేదు. పాస్టరుగారు ఆమె మొహంలోకి చూశారు. తరవాత తనే చెయ్యి చాపి మైకు స్విచ్ నొక్కారు. ఎవరో లేచి లైవ్ ఆపి, ఫోను బోర్లించారు.

"నా కూతురికి మీ మీద బాధ ఉందండి" అంది కృపామణి. "మీరు అన్న మాటకి అది మాత్రలు మానేసింది. మళ్ళీ తిండీ నిద్రా లేవు. మీరిప్పుడు చెప్పిన వాక్యంలో లేవమన్నది ఏడిచేవాణ్ణి కాదు, ఏడిపించినవాణ్ణి. నేనూ ఏడిపించేను. చెప్పొద్దన్న మాట చెప్పేను. అందుకని నేను వెళ్తున్నాను. మీరు రావడం, రాకపోవడం మీకూ దేవుడికీ మధ్య."

"బల్ల మధ్యలో లేచిపోతారా ఎవరైనా!" అంది వెనకనుంచి ఒక ముసలావిడ.

"ఆయన వెళ్ళమన్నదే బల్ల మధ్యలోంచి పిన్నిగారూ" అని, కృపామణి చాప దాటింది. విజయకుమార్ పళ్ళెం గుండెకి ఆనించుకుని, దారి ఇచ్చాడు.

ఇంట్లో అమ్ములు పెరటి మెట్టు మీద కూర్చుని ఉంది. తల దువ్వుకోలేదు. కళ్ళకింద నల్లగా ఉంది. "మైకు ఆగిపోయిందేంటండి? కరెంటు పోయిందా?"

"నేనే ఆపించేను."

అమ్ములు తలెత్తింది. కృపామణి తెల్లచీరతోనే కింద నేలమీద కూర్చుంది. దారిలో చాలా మాటలు కూడబెట్టుకుంది. తల్లి మనసని, నీ మేలుకోసమేనని. ఒక్కటీ బయటికి తియ్యలేదు.

"చెప్పొద్దన్నావు. చెప్పేను. తప్పు నాది."

"ప్రార్థన కోసమేగా."

"కాదే. నాకు మొయ్యడం చేతకాక. దేవుడి దగ్గర దించుకోవాల్సింది అమ్మగారి దగ్గర దించుకున్నాను. తేలిగ్గా అనిపించింది. ఆ తేలిక నీ నెత్తిన పడింది."

కొబ్బరిచెట్టు మీద ఉడత అరుస్తోంది.

"నాకు దేవుడి మీద కోపంగా ఉందమ్మా" అంది చివరికి. "అది కూడా చెప్తావా వాళ్ళకి?"

"చెప్పను. నాకూ ఉంది."

"నీకా!"

"నిన్న తిట్టేను. పనసపొట్టు కొడుతూ."

"ఏమన్నాడు?"

"ఏమీ అనలేదు. లేచి వెళ్ళిపోనూ లేదు. నేను లేచేదాకా వింటూ కూర్చున్నట్టే ఉంది."

అమ్ములు ముక్కు ఎగబీల్చింది. "అందుకేనన్నమాట, నిన్న పొట్టు అంత సన్నగా వచ్చింది" అంది. అని, నవ్వబోయి ఏడ్చింది. కృపామణి వద్దనలేదు, ఊరుకో అనలేదు. పక్కన కూర్చుంది.

ఎండ నడినెత్తికి వచ్చేవేళ గేటు చప్పుడైంది. సాలమోనుగారు. ఒక్కరే వచ్చారు. చేతిలో బైబిలు సంచీ లేదు, చొక్కా చెమటకి వీపుకి అంటుకుంది.

"వందనాలమ్మా. ఒకసారి ప్రార్థన చేసుకుందామని..."

"ప్రార్థన తరవాతండి. ముందు చెప్పాల్సింది చెప్పండి."

ఆయన గొంతు సవరించుకుని మొదలుపెట్టారు: "కృపామణమ్మా, ఆ రోజు నేను..."

"నాక్కాదండి" అని ఆమె పక్కకి జరిగింది.

వెనక అమ్ములు గుమ్మానికి ఆనుకుని ఉంది. మైకు లేకుండా, ఎదురుగా ఒక్క మనిషితో మాట్లాడడం సాలమోనుగారికి అలవాటు తప్పిందేమో, మాటలు వెతుక్కున్నారు.

"నీ బాధని దురాత్మ అన్నానమ్మా. అది దుఃఖం. నా కళ్ళకి అది కనబడి ఉండాల్సింది. మందుల గురించి మాట్లాడ్డానికి నేను డాక్టర్ని కాదు. నిన్నడక్కుండా నీ సంగతి పదిమందిలో పెట్టడం తప్పు. దానికి ప్రార్థనని అడ్డం పెట్టుకోవడం ఇంకా తప్పు."

"విన్నానండి" అంది అమ్ములు. "ఆ రోజు మీరన్నది ఊరంతా విన్నారు. ఇది నేనొక్కదాన్నే విన్నాను."

ఆయన మొహం ఎర్రబడింది. "వచ్చే ఆదివారం మైకులోనే నీ పేరు చెప్పి..."

"నా పేరొద్దండీ! ఇంకెప్పుడూ వద్దు. మందులు వేసుకోవడం పాపం కాదని చెప్పండి. ఎవరి పేరూ లేకుండా చెప్పండి. వినాల్సినవాళ్ళు ఈ ఊళ్ళో నేనొక్కదాన్నే ఉండను."

"ఆయ్. చెప్తానమ్మా."

చెప్పాక కూడా ఆయన కదల్లేదు. ఇంకో మాట కోసం నిలబడ్డారు. ఆ మాట ఏమిటో ముగ్గురికీ తెలుసు. ఏదో ఒకటి అనెయ్యి తల్లీ, పెద్దాయన ఎండలో నిలబడ్డాడు అనాలని కృపామణి నాలుక చివరిదాకా వచ్చింది. వారం రోజులుగా తనతో అందరూ అన్నది అదేనని గుర్తొచ్చి, నోరు మూసుకుంది.

"మంచినీళ్ళు తాగి వెళ్ళండి అయ్యగారూ" అంది అమ్ములు. తనే తెచ్చి ఇచ్చింది. ఆయన గ్లాసు ఖాళీ చేసి, వందనాలు చెప్పి వెళ్ళారు. బంగారమ్మ గోడ మీంచి తొంగి చూసి, ఏమీ అడక్కుండానే లోపలికి వెళ్ళింది. ఆవిడ అలా చెయ్యడం కృపామణి ఎరుగదు.

భోజనం అయ్యాక అమ్ములు మాత్ర వేసుకుంది. ఎవరూ వేసుకోమనలేదు. గోడ వైపు కాకుండా తల్లి వైపు తిరిగి పడుకుంది.

"నా కోసం ప్రార్థన చెయ్యవా?" అంది కళ్ళు మూసుకుని.

కృపామణి లేచి, అలవాటుకొద్దీ కొంగు తలమీద వేసుకుని, చేతులు ఎత్తి, "పరలోకమందున్న మా..." అని అందుకుంది.

"అబ్బా, గట్టిగా వద్దే! మనసులో చెయ్యి."

కృపామణి నోరు మూసేసి మంచం పక్కన చతికిలబడింది. స్తోత్రం ఇంకా నోటికి రాలేదు. వినే ఆయనతో నిన్న ఆపిన చోటునుంచే మొదలుపెట్టింది.